విండ్సరా, నెక్సానా? పెరిగిన ధరల్లో ఏ ఈవీకి ఎంత కట్టొచ్చు

హోర్డింగు మీద 9.99 లక్షలు. కొటేషన్ కాగితం మీద 15 లక్షల పైమాట. ఎంజీ విండ్సర్ ఈవీ 2024 సెప్టెంబరులో వచ్చినప్పటి నుంచీ షోరూముల్లో నడుస్తున్న తిరకాసు ఇదే. మొదటి అంకె బ్యాటరీ లేని బండిది. బ్యాటరీకి అప్పట్లో కిలోమీటరుకు 3.50 రూపాయల చొప్పున అద్దె విడిగా కట్టాలి. బ్యాటరీతో కలిపి కొంటే అప్పట్లో 13.50 లక్షల నుంచి మొదలు. అది పరిచయ ధర. 2025 జనవరిలో అన్ని వేరియంట్ల మీదా 50 వేలు వేసి 14, 15, 16 లక్షలు చేశారు. మే నెలలో 52.9 యూనిట్ల పెద్ద బ్యాటరీతో ప్రో వచ్చింది. 17.49 లక్షలని ప్రకటించి, 24 గంటల్లో 8 వేల బుకింగులు పడగానే 18.10కి ఎక్కించారు. (యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. కంపెనీవాళ్లు కిలోవాట్ అవర్ అంటారు, రెండూ ఒకటే.)

టాటా నెక్సాన్ ఈవీ నడిచిన దారి దీనికి ఎదురు. 2020 జనవరిలో 30.2 యూనిట్ల బ్యాటరీతో 13.99 లక్షలకు మొదలైంది. 2024 సెప్టెంబరులో 45 యూనిట్ల బ్యాటరీ క్రియేటివ్ వేరియంట్‌లో అదే 13.99కి దొరికింది. నాలుగున్నరేళ్లు గడిచి బ్యాటరీ ఒకటిన్నర రెట్లయినా ధర కదల్లేదు. అందులోనే పై వేరియంట్ ఎంపవర్డ్ ప్లస్ 16.99. ఇవన్నీ ఆయా తేదీల షోరూం ధరలు. మీ చేతిలో ఉన్న కొటేషన్‌లో అంకె వేరేగా ఉంటే దాన్నే పెట్టుకోండి, లెక్కకట్టే పద్ధతి మాత్రం ఇదే.

ఈవీలు ఖరీదైపోయాయన్న మాటలో సగం నిజం పెట్రోలు వైపు ఉంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మార్చినప్పుడు నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. ఈవీల మీద 5 శాతం 5గానే ఉంది. ఒకే షోరూంలో పక్కపక్కన నిలబడిన రెండు నెక్సాన్లలో పెట్రోలుది చవకైంది, కరెంటుది ఉన్నచోటే ఉంది. పైగా సొంతానికి కొనే కారుకు కేంద్రం సబ్సిడీ లేదు. కారు లోను వడ్డీ మీద 80ఈఈబీ కింద వచ్చే ఆదాయపన్ను మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లతో ఆగిపోయింది. సేల్స్ కుర్రాడు ఇంకా ఆ మాట చెబుతుంటే పాత కాగితం చదువుతున్నాడని అర్థం.

మిగిలిన పెద్ద ఆసరా రోడ్ ట్యాక్సు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఈవీలకు రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. దీని విలువ ఎంతో చూడండి. షోరూం ధర 11 లక్షలున్న పెట్రోలు ఆటోమేటిక్‌కు 17 శాతం అనుకున్నా 1.87 లక్షల పన్ను పడుతుంది. 15 లక్షల ఈవీకి సున్నా. నాలుగు లక్షల తేడా కాస్తా 2.13 లక్షలవుతుంది. గడువు దగ్గర పడుతున్నప్పుడు బుకింగ్ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ లెక్కలోకి వస్తుంది. ఆంధ్రలో రిజిస్టర్ చేయించేవాళ్లు లైఫ్ ట్యాక్స్ గడిలో ఎంత వేశారో కొటేషన్‌లోనే రాయించుకోవాలి. హైదరాబాద్‌లో బావగారు కట్టిన ఆన్‌రోడ్ ధర విజయవాడలో చెల్లదు.

ఆ 2.13 లక్షలు తిరిగి రావడానికి ఎన్నాళ్లు? సిటీలో లీటరుకు 14 కిలోమీటర్లిచ్చే ఆటోమేటిక్‌కు, లీటరు 107 చొప్పున, కిలోమీటరుకు 7.64 అవుతుంది. ఈవీ యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడుస్తుంది. గోడ సాకెట్ నుంచి బ్యాటరీలోకి వెళ్లే దారిలో పది పన్నెండు శాతం వేడిగా పోతుంది కాబట్టి కిలోమీటరుకు 0.16 యూనిట్ వేసుకోవాలి. ఇంటి మీటరులో పై శ్లాబుల్లో పడి యూనిట్ 9 రూపాయలైనా 1.45 లోపే. కిలోమీటరుకు ఆరు రూపాయల పైచిలుకు మిగులు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మూడేళ్ల లోపు చెల్లుకు చెల్లు. నెలకు 400 తిరిగితే ఏడేళ్లు. అలాంటివాళ్లు డబ్బు కోసం ఈవీ కొంటున్నామని తమకు తాము చెప్పుకోనక్కర్లేదు, నిశ్శబ్దం కోసమో పికప్ కోసమో అయితే సరే. ఇంట్లో ప్లగ్గు లేక బయట ఫాస్ట్ చార్జర్ల మీదే బతకాల్సి వస్తే యూనిట్ 20 రూపాయల చుట్టుపక్కల పడుతుంది. అప్పుడు కిలోమీటరు ఖర్చు మూడు రూపాయలు దాటి మిగులు నాలుగున్నరకు పడిపోతుంది, నెలకు వెయ్యి తిరిగినా దాదాపు నాలుగేళ్లు పడుతుంది.

ఇక బ్యాటరీ అద్దె పథకం. చేతి నుంచి నాలుగు లక్షలు తక్కువ పెడతారు, బదులుగా నడిపిన ప్రతి కిలోమీటరుకూ అద్దె (మొదటి రేటు 3.50 లెక్కన చూద్దాం). ఆ నాలుగు లక్షలే 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోను తీసుకుంటే ఈఎంఐ దాదాపు 6,440. అద్దె అంతవరకు రావాలంటే నెలకు 1,840 కిలోమీటర్లు నడపాలి. అంతకన్నా తక్కువ తిరిగితే అద్దె లాభం అనిపిస్తుంది, కానీ ఈఎంఐ 84 నెలలకు తీరిపోయి బ్యాటరీ మీదవుతుంది. అద్దె ఒప్పందంలో అసలు చూడాల్సింది కనీస కిలోమీటర్ల షరతు. నెలకు 1,500 అని రాసి ఉంటే, మీరు 700 నడిపినా కట్టేది 5,250. కిలోమీటరుకు ఏడున్నర, అంటే కరెంటు ఖర్చు కలపకముందే పెట్రోలు బండి ఖర్చు. కాలపరిమితి, మధ్యలో మూసేస్తే కట్టాల్సిన మొత్తం, ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఎప్పుడు తీస్తారు: ఈ మూడూ సంతకానికి ముందే రాతలో ఉండాలి. పండగ ఆఫర్ హడావుడిలో ఈ పేజీ ఎవరూ తిప్పరు.

రేంజ్ మాటకొస్తే పోస్టర్ల మీద విండ్సర్ 38కి (38 యూనిట్ల బ్యాటరీ ఉన్న మామూలు విండ్సర్) 332, నెక్సాన్ 45కి 489, విండ్సర్ ప్రోకి 449 కిలోమీటర్లు. రోడ్డు మీద వేసుకోవాల్సిన అంకెలు వేరు. నలుగురు మనుషులు, ఏసీ, 95–100 వేగం పెట్టుకుంటే విండ్సర్ 38కి 220, నెక్సాన్ 45కి 270, ప్రోకి 310 అనుకోండి. 30 యూనిట్ల చిన్న బ్యాటరీ నెక్సాన్‌కు 180. ఇప్పుడు షోరూం ధరను ఈ హైవే కిలోమీటర్లతో భాగించండి. పైన చెప్పిన ధరల మీద నెక్సాన్ 45 క్రియేటివ్ 5,180 రూపాయలు, ప్రో 5,840, విండ్సర్ బేస్ 6,360, 12.49 లక్షల చిన్న నెక్సాన్ 6,940. అన్నిటికన్నా తక్కువ ధర ట్యాగ్ ఉన్నదే అన్నిటికన్నా ఖరీదైన రేంజ్. సిటీ దాటని బండికి ఈ భాగహారం అక్కర్లేదు, దాటేవాళ్లకు ఇదే ముఖ్యం.

హైదరాబాద్–విజయవాడ 275 కిలోమీటర్లు. ఈ నాలుగింటిలో ప్రో ఒక్కటే పేపరు మీద ఆగకుండా వెళ్తుంది, అదీ చివర్లో గుండె చేత్తో పట్టుకుని. మిగతావి సూర్యాపేట దగ్గర ఆగాల్సిందే. తేడా ఆగే సమయంలో ఉంది. విండ్సర్ 38 డీసీ (ఫాస్ట్) చార్జింగ్ 45 కిలోవాట్లకు పరిమితం, నెక్సాన్ 45 అరవై దాకా తీసుకుంటుంది. గన్ (బండికి తగిలించే చార్జర్ ప్లగ్గు) మీద 120 అని రాసి ఉన్నా బండి తన హద్దు దాటదు, 80 శాతం తరవాత రెండూ నత్తలే. అందుకని 80కి తీసేసి బయల్దేరడం మేలు. పండగ రోజుల్లో రెండు గన్‌ల మధ్య పవర్ సగం సగం పంచుకునే చార్జర్లుంటాయి. పక్క గన్‌కు బండి తగిలి ఉంటే మీ నలభై నిమిషాలు గంటంపావు అవుతుంది. యాప్‌లో ఆ సంగతి ముందే కనిపిస్తుంది, చూడాలంతే.

బండి లోపల మాత్రం విండ్సర్‌ది పైచేయి, సందేహం లేదు. వీల్‌బేస్ 2,700 మిల్లీమీటర్లు, నెక్సాన్‌ది 2,498. డిక్కీ 604 లీటర్లు, అటు 350. వెనక సీటు 135 డిగ్రీల దాకా వాలుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను డెమో బండిలో వెనక కూర్చోబెడితే బేరం అక్కడే తెగిపోతుంది. నెక్సాన్ వెనక ముగ్గురు పెద్దవాళ్లంటే ఇరుకు. కానీ డ్రైవరు సీట్లో కథ మారుతుంది. విండ్సర్‌లో సైడ్ అద్దం సర్దాలన్నా, హెడ్‌లైట్లు మార్చాలన్నా, రీజెన్ (యాక్సిలరేటర్ వదిలితే బండి తనే నెమ్మదించి బ్యాటరీ నింపుకునే పద్ధతి) తగ్గించాలన్నా తెరలోకి వెళ్లాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మలుపులో అద్దాన్ని రెండు డిగ్రీలు కిందికి వంచాలంటే బండి ఆపి, మెనూ తెరిచి, చిన్న బాణం గుర్తు వెతుక్కోవాలి. నెక్సాన్‌లో అద్దానికి బటన్ ఉంది, రీజెన్‌కు స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉన్నాయి. ట్రాఫిక్‌లో బ్రేకు తొక్కే పని సగం ఆ ప్యాడిల్సే చూసుకుంటాయి. నెక్సాన్ తెర అప్పుడప్పుడూ బిగుసుకుపోతుందన్న ఫిర్యాదు సామాన్యమే, టెస్ట్ డ్రైవ్‌లో మీ ఫోన్ కలిపి అరగంట వాడి చూడండి.

రెండిట్లోనూ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీయే. దీనికి ఒక గుణముంది. వోల్టేజ్ చాలాసేపు సమంగా ఉండటంతో ఎంత మిగిలిందో బండి సరిగ్గా పోల్చుకోలేదు. రోజూ 80కే ఆపేస్తూ పోతే కొన్నాళ్లకు మీటరు 14 నుంచి ఒక్కసారి 6కి పడుతుంది. ఇది చెడిపోవడం కాదు. వారానికో పది రోజులకో ఒకసారి ఇంటి చార్జర్ మీద 100 దాకా నింపితే లెక్క సర్దుకుంటుంది.

ఇంటి చార్జింగ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బండితో వచ్చే 3.3 కిలోవాట్ల పోర్టబుల్ చార్జర్ 15 ఆంప్స్ లాగుతుంది. పెద్ద గీజరు కూడా దాదాపు అంతే లాగుతుంది, కానీ గీజరు పావుగంటలో ఆగిపోతుంది. బండి పన్నెండు గంటలు ఆగకుండా లాగుతుంది. పాత సాకెట్‌లో పిన్ను కొంచెం వదులైతే చాలు, తెల్ల ప్లాస్టిక్ మొదట పసుపెక్కి, ఆపైన గోధుమరంగు తిరిగి, ఓ రాత్రి కాలిన వాసన వేస్తుంది. చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్ టాప్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడి ఉంటే అదే రోజు మార్పించాలి. ఈ చార్జర్‌కు నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, మీటరు బోర్డు నుంచి నేరుగా విడి లైను. 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ అయితే 6 స్క్వేర్ వైరు (సెల్లార్ దూరమైతే 10), 40 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు). చార్జర్ ఎర్రలైటు మెరిపించి మొరాయిస్తే చాలాసార్లు ఎర్తింగ్ లోపమే. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజ్ కొలిపించండి, రెండు మూడు వోల్టులు మించితే ఎర్త్ పిట్ సరిచేయాలి. షోరూం వాళ్లు ఉచిత ఇన్‌స్టలేషన్ అన్నా కొన్ని మీటర్ల వైరు వరకే ఇస్తారు, ఆ పైన మీటరు లెక్కన మీ జేబులోంచే. శాంక్షన్డ్ లోడ్ (మీ మీటరుకు మంజూరైన కిలోవాట్లు) పెంచుకునే ఖర్చు కూడా అందులో ఉండదు. విడిగా ఈవీ కనెక్షన్ తీసుకుంటే తెలంగాణలో యూనిట్ 6 రూపాయల టారిఫ్ (ఫిక్స్‌డ్ చార్జీలు వేరు). నెలకు 300 యూనిట్లు దాటి వాడే ఇంటికి ఇది కలిసొస్తుంది.

ఇన్సూరెన్స్ కాగితం కూడా తిప్పి చూడండి. 65 కిలోవాట్లు దాటిన మోటారున్న ఈవీకి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 6,712, 1,199 సీసీ పెట్రోలు నెక్సాన్‌కు 3,416. మన బండి డ్యామేజీకి కట్టే ప్రీమియం ఐడీవీని (బీమా లెక్కకు తీసుకునే బండి విలువ) బట్టి ఎలాగూ ఎక్కువే. జీరో డెప్‌తో (పాతబడినందుకు కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే కవరు) పాటు బ్యాటరీలోకి నీళ్లు పోతే వర్తించే కవరు, చార్జర్ కవరు విడిగా అడగాలి. వానాకాలం హైదరాబాద్ సెల్లార్లకు ఇది దండగ ఖర్చు కాదు. బ్యాటరీకి రెండు కంపెనీలూ మొదటి యజమానికి లైఫ్‌టైమ్ వారంటీ అంటున్నాయి (టాటాలో అది 45 యూనిట్ల నెక్సాన్‌కు). బండి చేతులు మారితే విండ్సర్‌కు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, నెక్సాన్‌కు 10 ఏళ్లు లేదా 2 లక్షలు. ఐదేళ్లకు అమ్మేసే అలవాటున్నవాళ్లకు మొదటి మాట కన్నా రెండో మాటే డబ్బు.

మొత్తానికి నెలకు వెయ్యి దాటి తిరుగుతూ, రెండు నెలలకోసారి ఊరెళ్లే ఇంటికి నెక్సాన్ 45 కింది రెండు వేరియంట్లలో ఒకటి. పై వేరియంట్‌కు మూడు లక్షలు ఎక్కువ పెట్టినా ఒక్క కిలోమీటరు అదనంగా రాదు. ఇంట్లో పెద్దవాళ్లుండి, బండి ఎక్కువగా సిటీలోనే తిరిగితే విండ్సర్ 15 లక్షల మధ్య వేరియంట్, బ్యాటరీతో కలిపే. 16 లక్షల విండ్సర్ 38 దగ్గర ఆగకండి, ఆ పైన 2025లో 17.25 లక్షల దగ్గర వచ్చిన ఎక్స్‌క్లూజివ్ ప్రో (ప్రోలో కింది వేరియంట్) పెద్ద బ్యాటరీతో ఉంది. 18 దాటి వెళ్లేట్టయితే హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ కూడా నడిపి చూడకుండా చెక్కు రాయొద్దు. జనవరి, ఫిబ్రవరుల్లో డెలివరీ తీసుకునేవాళ్లు చాసిస్ నంబరును బట్టి బండి ఏ నెలలో తయారైందో చూపించమనండి. కిందటేడాది బండి అయితే తగ్గింపు అడగడం మీ హక్కు, నెలల తరబడి యార్డులో నిలబడి ఉంటే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కొత్తది వేయించుకోండి. ఈవీ తెల్లారి లేవకుండా మొండికేస్తే చాలాసార్లు కారణం అదే. ఆ పని డెలివరీ రోజున ఉచితం, మర్నాటి నుంచి మీ ఖర్చు.