రెండున్నరేళ్ళుగా పేరుస్తున్న నలుపు తెలుపు జిగ్‌సా పజిళ్ళు

మా అన్నయ్య కూతురు అమెరికా నుంచి వస్తూ రెండు జిగ్‌సా పజిల్ డబ్బాలు తెచ్చింది. రెండూ అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన నలుపు తెలుపు ఫొటోలే, ఒక్కోటి వెయ్యి ముక్కలు. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో రెండున్నరేళ్ళుగా వాటిని విప్పుతూ, పేరుస్తూ ఉన్నాం. మంచు కొండల ముందు పారే స్నేక్ నది ఫొటోని నాలుగుసార్లు పూర్తి చేశాం. ఊరి మీద చంద్రుడు వచ్చిన ఫొటో, మూన్‌రైజ్, ఒక్కసారే అయింది.

అంతకుముందు ఒక రంగుల పజిల్ కొన్నాను. దాంట్లో చెట్లున్న ముక్కలన్నీ ఒకే పచ్చటి మసక. ఇక్కడ అలా కాదు. మామూలు ఫిల్మ్ ఫ్రేము 24 × 36 మిల్లీమీటర్లు. ఆడమ్స్ మూన్‌రైజ్ తీసిన పెద్ద కెమెరాలో ఫిల్మ్ షీటు 8 × 10 అంగుళాలు, అంటే వైశాల్యంలో దాదాపు 60 రెట్లు. అంత పెద్ద నెగెటివ్‌లో పట్టిన వివరం ముక్కలు చేసినా పోదు.

రంగు లేదు కాబట్టి నీడనే చదువుకోవాలి. ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ కలిసి తయారుచేసిన జోన్ సిస్టమ్ అనే పద్ధతిలో నలుపు నుంచి తెలుపు దాకా 11 మెట్లుంటాయి. మేం ముక్కల్ని నీడనిబట్టి వేరుచేయడానికి ఆరు గిన్నెలతో సరిపెట్టుకున్నాం. అమ్మ ముక్కల్ని చేటలో పోసి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతుంది. మొదటిసారి నదిలో పెట్టాల్సిన తెల్ల ముక్కని నేను కొండ మీద మంచులో ఇరికించబోయాను. బొడిపె దాదాపు పట్టింది కూడా. అమ్మ దాన్ని తీసుకుని కిటికీ దగ్గర వంచి చూసి, "ఒరేయ్ నాన్నా, ఇది నీళ్ళ మీద వెలుగురా. మంచు మీద వెలుగు ఇలా జారదు" అంది. చూస్తే నిజమే, ముక్క అడుగున సన్నటి గీతల్లా ప్రవాహం ఉంది. నలభై ఏళ్ళు కృష్ణ ఒడ్డున నీళ్ళు చూసిన కళ్ళు మరి. 1942లో తీసిన ఆ ఫొటో 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన, శబ్దాలూ ఫొటోలూ ఉన్న రికార్డులోనూ ఉందని చెబితే, ఆ రోజు పజిల్ విప్పనివ్వలేదు.

మూన్‌రైజ్ కష్టం. పైన ఆకాశమంతా నలుపే, ఆ ముక్కల్ని ఆకారం చూసి పెట్టాల్సిందే. మూడు వారాలు పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీని జోలికి వెళ్ళకండి, స్నేక్ నదితో మొదలుపెట్టండి.

లోపాలూ చెప్పాలి. పైన మెరుపు పూత ఉంది, ట్యూబులైటు కింద నల్ల ముక్కలు అద్దాల్లా మెరుస్తాయి. పొద్దున తొమ్మిదిలోపు వరండా వెలుగే దీనికి మంచిది. వానాకాలంలో మన ఊరి తేమకి అట్ట ఉబ్బుతుంది, బొడిపెలు బిగుసుకుంటాయి. బలవంతంగా లాగితే పై కాగితం లేచిపోతుంది. నావి మూడు ముక్కలు అలా పాడయ్యాయి. ఇప్పుడు జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేసి బీరువాలో పెడుతున్నాను, సమస్య తగ్గింది. వడ్రంగి దగ్గర మూడడుగుల ప్లైవుడ్ కోయించుకుని దాని మీద పేర్చండి, సగంలో ఆపినా మంచం కిందికి తోసేయొచ్చు.

నాకు బాగా బాధ కలిగించింది మాత్రం, స్నేక్ నదిలో ఒక ముక్క డబ్బాలోనే లేకపోవడం. తయారీవాళ్ళకి మెయిల్ పెడితే విడి ముక్కలు ఇవ్వలేమన్నారు. ఇంత ధర పెట్టి కొన్న వస్తువుకి అది సరైన జవాబు కాదు. అట్టముక్క కోసి, పెన్సిలుతో నీడ వేసి పెట్టాను. మేఘంలో కలిసిపోయింది.

మూన్‌రైజ్ మీద మాత్రం మనసు పోలేదు. 1941లో ఆ సాయంత్రం ఆడమ్స్‌కి వెలుగు కొలిచే లైట్ మీటర్ దొరకలేదట. చంద్రుడి కాంతి లెక్క తెలుసు కాబట్టి ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలో (ఎక్స్‌పోజర్) దాన్నిబట్టి నిర్ణయించాడు. రెండో ఫొటో తీసేలోపే ఫొటోలో కనిపించే శ్మశానంలోని శిలువల మీద ఎండ పోయింది. ఈ ఆదివారం మళ్ళీ డబ్బా దించుతున్నాం. శిలువల ముక్కలు తనవేనని అమ్మ ఇప్పుడే చెప్పేసింది.