షుగరున్న గుండెకి ఏది మేలు: వారానికో సూదా, రోజుకో మాత్రా?

వానాకాలంలో మా పిన్నికి పాదాలు పొంగాయి. మడమ పైన వేలితో నొక్కితే పడ్డ గుంట ఎంతసేపటికీ పూడలేదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్లి ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే, గుండె పంపింగ్ తగ్గిందన్నారు. ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్ర రాశారు. రాయగడలో మావయ్యకి స్టెంట్ ఉంది, ఒళ్లూ ఎక్కువే. ఆయనకేమో వారానికోసారి సెమాగ్లుటైడ్ సూది. ఇద్దరిదీ షుగరే కదా, ఈ తేడా ఏంటని ఇంట్లో ఒకటే టెన్షన్.

సూది పనిచేసే తీరు చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. తిండి తిన్నాక పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయి. మెదడు కింది భాగంలోని కొన్ని కణాలూ దాన్ని తయారుచేస్తాయి. ‘ఇక చాలు’ అని మెదడుకి అందే కబుర్లలో అదొకటి. సెమాగ్లుటైడ్ ఆ హార్మోన్‌లాగే పనిచేస్తుంది. ఆకలి, బరువు, బీపీ తగ్గుతాయి. 2016 నాటి సస్టెయిన్-6 పరిశోధనలో గుండె మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు మూడూ కలిపి చూస్తే 26 శాతం తగ్గాయి. అయితే ఇదే మందు వల్ల గుండె నిమిషానికి రెండు మూడు సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. మొదట్లో వాంతులూ మామూలే. పైగా ఖరీదు. తెరవని సూది పెన్నుని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, మరి కరెంటు పోతే?

మాత్రకి మెదడుతో పెద్దగా పనిలేదు. కిడ్నీల ద్వారా చక్కెరని, ఉప్పుని మూత్రంలోకి పంపేసి గుండె మీద బరువు దించుతుంది. 2015లో ఎంపా-రెగ్ పరిశోధనలో గుండె వైఫల్యంతో, అంటే గుండె సరిగ్గా పంప్ చేయలేక, ఆసుపత్రిలో చేరడం 35 శాతం, గుండె మరణాలు 38 శాతం తగ్గాయి.

అందుకే కాళ్లవాపు, ఆయాసం, తగ్గిన పంపింగ్ ఉన్నవాళ్లకి ముందు మాత్రే మేలంటాను. రక్తనాళాల్లో పూడిక, అధిక బరువు ఉన్నవాళ్లకి సూది ఖర్చుకి తగ్గ ఫలితం ఉంటుంది. కొందరికి రెండూ అవసరం. అది డాక్టరు తేల్చాల్సిన మాట.

మాత్ర వేసుకునేవాళ్లు ఒకటి మరవకూడదు. ఉపవాసం, వాంతులు, విరేచనాలు, ఆపరేషన్ ఉంటే మాత్ర ఆపాలా అని ముందే డాక్టర్ని అడగాలి. షుగరు మరీ పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. పిన్ని యాభై ఏళ్లుగా కార్తీక సోమవారాలు మానలేదు. ఈసారి దీపం పెట్టి, పూటకింత తినడానికి ఒప్పుకుంది.