మెడికల్ అసిస్టెంట్ కోర్సు: కమ్యూనిటీ కాలేజీ మేలా, ప్రైవేటు స్కూలు మేలా?

పెళ్లయి అమెరికా వచ్చి, ఇండియాలో చేసిన బీఎస్సీయో బీఫార్మసీయో బీరువాలో పెట్టుకుని, ఈఏడీ (ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) చేతికందగానే "అక్కా, ఐటీ నా వల్ల కాదు, ఆసుపత్రి పని ఏదైనా చెప్పు" అని అడిగే అమ్మాయిలు నాకు నెలకొకరైనా తగులుతారు. టెక్సస్‌లో ఓ క్లినిక్‌లో ఆరేళ్లుగా మెడికల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నా మాట కమ్యూనిటీ కాలేజీకే, అంటే ప్రభుత్వ నిధులతో నడిచే స్థానిక కాలేజీకే. ఎందుకో చెబుతాను.

ముందు పని సంగతి. డాక్టరు గదిలోకి రాకముందే పేషెంటును పిలిచి బీపీ, బరువు చూసి, వాడుతున్న మందులన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. టీకాలు వేయాలి, ఈసీజీ తీయాలి, రక్తం తీయాలి. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో ఈ ఉద్యోగానికి మధ్యస్థ జీతం ఏడాదికి 44,200 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే. ఫీజు కట్టేముందు ఈ అంకె గుర్తుండాలి.

ప్రైవేటు స్కూలు గొప్పంతా తొందరలో ఉంది. ఫోన్ చేస్తే వచ్చే వారమే క్లాసంటారు. మీరు ఆలోచించుకునేలోపు వాళ్లే నాలుగుసార్లు ఫోన్ చేస్తారు. ఫీజు మాత్రం కమ్యూనిటీ కాలేజీకి ఎన్నో రెట్లు ఉండొచ్చు, దానికి లోను కూడా వాళ్లే చూపిస్తారు. ఎవరెస్ట్ పేరుతో మెడికల్ అసిస్టెంట్ కోర్సులు నడిపిన కొరింథియన్ కాలేజెస్ 2015 ఏప్రిల్‌లో ఉన్నపళంగా మూతపడింది. అక్కడ చదివిన సుమారు 5 లక్షల 60 వేల మంది లోన్లను 2022లో ప్రభుత్వం మాఫీ చేయాల్సి వచ్చింది. అన్ని స్కూళ్లూ అలాంటివని అనను. కానీ అక్కడి క్రెడిట్లను (చదివిన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లు) రేపు నర్సింగుకు వెళ్తే ఆ నర్సింగు కాలేజీ తీసుకుంటుందా అన్నది చేరకముందే ఆ నర్సింగు కాలేజీనే అడగండి.

కమ్యూనిటీ కాలేజీలో అన్నీ నిదానమే. దరఖాస్తుకు గడువు, ముందుగా చదవాల్సిన సబ్జెక్టులు, పోలీసు రికార్డు తనిఖీ, టీకాల కాగితాలు ఉంటాయి. ఆ జిల్లాలో ఉండేవాళ్లకు ఫీజు తక్కువ. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉండి, ఆదాయం తక్కువైతే పెల్ గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం) కూడా రావచ్చు. ఫీజు ఒక ఎత్తు, చేతికి దొరికే సాధన ఒక ఎత్తు. సీఏఏహెచ్ఈపీ (ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో కనీసం 160 గంటలు నిజమైన క్లినిక్‌లో పనిచేయాలి. ఆ క్లినిక్ ఏదో కాలేజీయే చూపిస్తుంది. నా స్నేహితురాలు చేరిన ప్రైవేటు స్కూలు ఆమెనే వెతుక్కోమంది. ఎండలో పదకొండు క్లినిక్‌ల మెట్లెక్కింది పాపం.

ఆ గంటల విలువ సూది పట్టుకుంటే గానీ తెలియదు. రబ్బరు చేతికి గుచ్చడం ఎవరికైనా వస్తుంది. నాకు మొదటగా వచ్చిన పెద్దావిడ చేతిపై నరాలు నీలంగా కనబడుతున్నా సూది పెడితే జారిపోయేవి. కళ్లతో కాదు, వేలితో వెతకమని మా టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని చూపించింది. నొక్కితే స్ప్రింగులా తిరిగొచ్చేదే మంచి నరం. కట్టిన పట్టీ నిమిషం దాటకూడదు. రక్తం పట్టే ట్యూబులకూ మూత రంగును బట్టి వరస ఉంది: లేత నీలం, పసుపు, ఆకుపచ్చ, తర్వాతే ఊదా. ఊదా ట్యూబులోని మందు పొరపాటున పసుపుదానిలో పడితే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు లేని జబ్బుకు కంగారుపడతారు. ఇది ఇంట్లో వీడియో చూసి వచ్చే విద్య కాదు.

అదే కాలేజీలో క్రెడిట్లు లేని చిన్న కోర్సు కూడా ఉండొచ్చు. కొన్ని నెలల్లో ముగించి సీసీఎంఏ అనే మెడికల్ అసిస్టెంట్ సర్టిఫికేషన్ పరీక్షకు పంపుతారు. ఇండియాలో బీడీఎస్, ఎంబీబీఎస్ చేసి ఇక్కడి పరీక్షలకు చదువుతున్నవాళ్లకు ఇదే చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం గుర్తింపు ఉన్న ఏడాది సర్టిఫికెట్ కోర్సే చేయండి. సీఎంఏ అనే మరో సర్టిఫికేషన్ పరీక్షకు అసలు దారి అదే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి కూడా ఉండాలి, కాబట్టి మీ కోర్సు దానికి చెల్లుతుందో లేదో చూసుకోండి.

చివరికి నర్సే కావాలనుకుంటే మాత్రం ఈ రెండూ వద్దు, సీఎన్ఏ (నర్సుకు సాయం చేసే నర్సింగ్ అసిస్టెంట్) చేయండి. దానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస శిక్షణ 75 గంటలే. జీతం ఇంకాస్త తక్కువ, మనుషులను లేపి పడుకోబెట్టే కష్టమైన పని. అది చేస్తూ నర్సింగుకు కావాల్సిన సబ్జెక్టులు చదువుకోవచ్చు.

కోర్సులో చేరేటప్పుడు ఇచ్చే టీకాల కాగితాల విషయంలో మనవాళ్లకు ఒక జాగ్రత్త. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేసి ఉంటారు కాబట్టి చేతి మీద చేసే టీబీ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. భయపడి ఊరుకోకండి, క్వాంటిఫెరాన్ రక్త పరీక్ష చేయమని అడగండి, దానికి బీసీజీతో పేచీ లేదు. హెపటైటిస్-బీ మూడు డోసులు ముగియడానికి ఆరు నెలలు పడుతుంది. ఆగస్టు బ్యాచ్‌లో చేరాలనుకునేవాళ్లు ఫిబ్రవరిలోపే మొదటి డోసు వేయించుకోండి.