ఉద్దానంలో నీళ్ల ప్లాంటు: దాత చేతిలో ఉంటే మేలా, ఊరి చేతిలో ఉంటే మేలా?

"స్థలం, బోరు, కరెంటు కనెక్షన్ మీరివ్వండి, ఆర్‌వో ప్లాంటు మేం పెడతాం" అని పెద్ద కంపెనీ ఫౌండేషన్ ఒకటి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపో మందస వైపో ఏదైనా పంచాయతీకి వచ్చిందనుకుందాం. ఊరి ముందు రెండు దారులుంటాయి. ప్లాంటును దాత మనుషులే నడిపి కేన్ల డబ్బు వసూలు చేసుకోవడం ఒకటి. పంచాయతీకో మహిళా సంఘానికో రాసిచ్చి పక్కకు తప్పుకోవడం రెండోది.

ముందు లెక్క చూద్దాం. 300 ఇళ్లు, ఇంటికి రోజుకో 20 లీటర్ల కేను, అంటే 6,000 లీటర్లు. గంటకు 1,000 లీటర్ల ప్లాంటు ఆరు గంటలు ఆడితే చాలు. ఆపరేటరు జీతం, కరెంటు, వడపోత కార్ట్రిడ్జిలు, ఉప్పు పేరుకోకుండా వేసే యాంటీస్కేలెంట్ మందు అన్నీ కలిపి నెలకు ఉజ్జాయింపుగా 16,000 రూపాయలు. కేను 2 రూపాయలకిస్తే వచ్చేది 18,000. మిగిలిన 2,000తో ఉప్పును వడగట్టే మెంబ్రేన్‌లకు దాచుకోవడమే కష్టం, మోటారు కాలిందంటే ప్లాంటు మూతే. చవగ్గా మొదలైన ప్లాంట్లు తుప్పుపట్టేది ఇందుకే. అదే 5 రూపాయలైతే 45,000 వస్తుంది, ఖర్చు పోను ఏడాదికి మూడున్నర లక్షలు మిగులు. యంత్రాల ఖరీదు ఒకట్రెండేళ్లలో తిరిగొచ్చేస్తుంది. ఆ తర్వాత వచ్చేదంతా ఎవరి జేబులోకి? సాయమో వ్యాపారమో తేలేది ఇక్కడే.

పైగా 6,000 లీటర్లు ఇవ్వాలంటే బోరు నుంచి దాదాపు 12,000 లీటర్లు తోడాలి, సగం ఉప్పు నీరుగా (రిజెక్టుగా) బయటికి పోతుంది. ఆ భూగర్భ జలం ఊరిది. దాత పెట్టుబడి బోర్డు మీద రాస్తారు గానీ ఊరి పెట్టుబడి ఎవరూ రాయరు.

చట్టంలో ఊరికి కొంత అండ ఉంది. సీఎస్ఆర్ డబ్బుతో, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే సొమ్ముతో కట్టిన ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదని 2021లో నిబంధన వచ్చింది. మిగులును కంపెనీ లాభంలో కలుపుకోవడానికీ వీల్లేదు. మెలిక ఏమిటంటే, ఆ ఆస్తి రిజిస్టర్డ్ ట్రస్టు పేరున ఉండొచ్చు, ఆ ట్రస్టు దాతదే కావచ్చు. మేలుతో పాటు రాబడీ ఆశించే "సోషల్ ఇంపాక్ట్ పెట్టుబడి" అని వస్తే ఈ నిబంధనలేవీ వర్తించవు. కాబట్టి గ్రామసభలో అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది సీఎస్ఆర్ సొమ్మా, పెట్టుబడా?

ప్రపంచ స్థాయిలోనూ ఇదే తేడా. 2015లో జుకర్‌బర్గ్ దంపతులు 99 శాతం ఫేస్‌బుక్ షేర్లు మానవాళికి అన్నారు. పెట్టింది మాత్రం ధర్మ సంస్థ కాదు, మామూలు వ్యాపార సంస్థలా నడిచే ఎల్ఎల్‌సీ. అది లాభార్జన కంపెనీల్లో పెట్టుబడి పెట్టొచ్చు, ఏటా ఆస్తిలో 5 శాతం దానాలకు ఖర్చు చేయాలన్న అమెరికా ఫౌండేషన్ల నియమం దానికి లేదు. అదే ఏడాది ఫేస్‌బుక్ పేదలకు ఉచిత ఇంటర్నెట్ అంటూ ఫ్రీ బేసిక్స్ తెచ్చింది. కొన్ని సైట్లే ఉచితంగా తెరుచుకునే ఆ పథకం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి ఆదేశంతో మన దేశంలో ఆగింది. 2019లో అజీమ్ ప్రేమ్‌జీ మరో 34 శాతం విప్రో షేర్ల ఆర్థిక ప్రయోజనాన్ని ఫౌండేషన్‌కు వదిలేశారు. ఆ షేర్ల రాబడి ఆయన ఇంటికి తిరిగిరాదు. మా దృష్టిలో దానం అంటే అదీ.

అందుకే మా ఓటు రెండో దారికే. కేను 3 లేదా 4 రూపాయలు. మెంబ్రేన్‌లకు, మోటారుకు ఇద్దరి సంతకాలతో వేరే ఖాతా. ధర మార్చే హక్కు గ్రామసభది. దాత తప్పుకున్నా ప్లాంటు ఊరిదేనని తీర్మానంలో ఉండాలి. "మా నీళ్లు తాగితే కిడ్నీ జబ్బు రాదు" అన్న బోర్డు పెట్టనివ్వకూడదు. ఉద్దానం జబ్బుకు కారణం ఇంకా ఖాయంగా తేలలేదు. భయాన్ని అమ్ముకోవడం సాయం కాదు.

అసలు హిరమండలం రిజర్వాయరు నీరు కుళాయికి రోజూ అందే ఊళ్లలో ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) కొలిపించండి. అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఉప్పు తీసే ఆర్‌వోతో పనేలేదు. కుళాయి చివర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు నిలుస్తోందో లేదో చూసుకోవాలి, ట్యాంకు కడిగించుకోవాలి. దాత నిజంగా ఊరి మేలు కోరితే ఆ డబ్బు పైపులైను లీకుల మరమ్మతుకు ఇమ్మని అడగండి.