ఐదు పెసోలకో పాట: ఫిలిప్పీన్స్‌లో వీడియోకె

ఫిలిప్పీన్స్‌కు 2025 జూన్ నుంచి మనవాళ్లు 14 రోజుల వరకు వీసా లేకుండా వెళ్లొచ్చు. బీచ్‌ల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను వీడియోకె సంగతి, అంటే తెరమీద మాటలు చూస్తూ మైకులో పాడే కరవోకె సంగతి చెప్తాను. అక్కడ మీ సరదా, మీ నిద్ర రెండూ దాని చేతిలోనే ఉంటాయి.

నాకు బాగా నచ్చింది సెబూ దీవిలో, మోల్‌బోల్ రోడ్డు పక్కన ఓ రేకుల హోటల్. మూల నిలబెట్టిన పెట్టెలో 5 పెసోల బిళ్ల వేసి, లావుపాటి పుస్తకంలో పాట వెతికి, దాని నంబరు నొక్కాలి. మన లెక్కలో ఏడెనిమిది రూపాయలు. చిల్లర తీసుకునేటప్పుడు అంచు తడిమి చూసుకోండి. 2017లో తెచ్చిన గుండ్రటి 5 పెసోల బిళ్ల అచ్చం 1 పెసోలా ఉందని జనం మొత్తుకుంటే, 2019 చివర్లో తొమ్మిది పలకలది తెచ్చారు. రెండూ చేతికొస్తాయి.

పాట అయ్యాక బాకా మోగి మార్కులు పడతాయి. నా అరుపులకు 97. శ్రుతి తప్పకుండా పాడిన పక్క టేబుల్ పెద్దాయనకు 84! ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. మార్కులు చూసి నవ్వొచ్చు, పాడే మనిషిని చూసి మాత్రం వద్దు. అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాట 'మై వే' పాడే దగ్గర గొడవలు హత్యల దాకా వెళ్లడంతో కొన్ని బార్లు ఆ పాటనే తీసేశాయి. కరవోకె జపాన్‌దని అనకండి, వెంటనే తమ దేశపు ఆవిష్కర్త రొబెర్టో డెల్ రోసారియో పేరు చెప్తారు. సింగ్-అలాంగ్ యంత్రానికి 1983లో, 1986లో ఆయనకు పేటెంట్లు వచ్చాయి.

శాకాహారులకు ఇలాంటి చోట్ల కష్టమే. పినక్‌బెట్ చూడ్డానికి కలగూర కూరే, కానీ అందులో రొయ్యల ముద్ద ఉంటుంది. మేం వెల్లుల్లి అన్నంతో సరిపెట్టుకున్నాం.

మనీలాలో ఏసీ కేటీవీ గది, అంటే మనవాళ్లమే కూర్చుని పాడుకునే అద్దె గది తీసుకున్నాం. అద్దెలో కొంత 'కన్స్యూమబుల్', అంటే ఆ మేరకు తిండి తెప్పించుకోవచ్చు. టీవీలో యూట్యూబ్ పెట్టుకుని తెలుగు పాటలూ పాడుకున్నాం. పిల్లలతో వెళ్తే 'ఫ్యామిలీ కేటీవీ' అని ఉన్నదే చూడండి, ఉత్త కేటీవీ బార్ల వ్యవహారం వేరు. గది శుభ్రంగానే ఉంది, సర్వీసూ బాగుంది. కానీ నాలుగు గోడల మధ్య మనమే పాడుకోవడానికి అంతదూరం వెళ్లాలా?

ఇక బస. పంగ్లావ్ దీవిలో హోమ్‌స్టే చవక, మంచి మనుషులు. కానీ పక్కింట్లో పుట్టినరోజుకు అద్దె మెషీన్ తెచ్చి అర్ధరాత్రి దాటాక కూడా వాయించారు. చాలా ఊళ్లలో పదింటికి ఆపాలన్న నిబంధన ఉంది. ఆ మాటే అంటే ఇంటావిడ "బర్త్‌డే కదా సర్, మీరూ రండి" అంది. దవావోలో మెడిసిన్ చదివే మా బంధువులబ్బాయి తరవాత ఫోన్లో చెప్పాడు: "రూమ్ బుక్ చేసే ముందు చుట్టుపక్కల వీడియోకె ఉందేమో మెసేజ్ పెట్టి అడగాలి బాబాయ్. ముఖ్యంగా శనివారాలు."