టర్బైన్లు ఆగిన చోట కళ: లండన్ టేట్ మోడర్న్

మూతపడిన ఆజంజాహి మిల్లును చూస్తూ పెరిగిన మా వరంగల్ వాళ్లకు, థేమ్స్ ఒడ్డున పాత విద్యుత్ కేంద్రాన్ని కూల్చకుండా 2000లో ఆధునిక కళకు అప్పగించిన టేట్ మోడర్న్‌లో అడుగు పెట్టగానే ముందుగా కలిగేది ఈర్ష్యే. ఒకప్పుడు టర్బైన్లు తిరిగిన ఆ విశాలమైన హాలులో, 2007లో కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో నేల పొడవునా చీల్చి చూపిన పగులును తరువాత పూడ్చివేసినా, కాంక్రీటుపై దాని మచ్చ మిగిలే ఉంది; వంగి వేలితో తడిమి చూశాను. నేను వెళ్లినప్పుడు అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో ముదురు ఎరుపు చిత్రాలు మసక వెలుతురు గదిలో ఉన్నాయి. అక్కడ కనీసం పావుగంట కూర్చోవాలి, హడావుడిగా దాటిపోతే అవి వట్టి రంగు పలకలే. శాశ్వత సేకరణకు ప్రవేశం ఉచితం, ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్టు కొనాలి. పిల్లలతో వెళ్లేవారు ముందుగా ఆ హాలులోని వాలు నేల మీద వారిని కాసేపు తిరగనివ్వడం మంచిది.