12 బోర్ తూటా మూతి: రోల్ క్రింపా, స్టార్ క్రింపా?

12 బోర్ షాట్‌గన్ తూటాలోని గుండ్లు బయటికి రాకుండా గొట్టం మూతిని మడిచి మూయడమే క్రింపు. విజయవాడలో తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సింది: ఆ లైసెన్సు తూటాలను తమ దగ్గర ఉంచుకోవడానికే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీకి వేరే లైసెన్సు కావాలి, కాబట్టి ఇంట్లో నింపే పని వద్దు. కొన్న తూటా మూతి చూసి మంచిచెడ్డలు తేల్చుకోవడం మాత్రం తెలిసి ఉండాలి.

స్టార్ క్రింపులో ప్లాస్టిక్ గొట్టం అంచే 6 లేదా 8 మడతలుగా లోపలికి ముడుచుకుంటుంది. పైన అట్టబిళ్ల ఉండదు. ఒకసారి వాడిన 8 మడతల గొట్టాన్ని మళ్లీ నింపి 6 మడతల అచ్చులో పెడితే పాత గీతలు కొత్త మడతకు లొంగవు. నడిమధ్య రంధ్రం మిగిలి సన్న గుండ్లు రాలిపోతాయి.

రోల్ క్రింపు కజ్జికాయ అంచు మడిచినట్టే ఉంటుంది. గుండ్లపై బిళ్ల పెట్టి, తిరిగే అచ్చుతో అంచును గుండ్రంగా లోపలికి చుడతారు. రాపిడి వేడికే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. వేడి చాలకపోతే అంచు విచ్చుకుంటుంది, ఒత్తిడి ఎక్కువైతే గొట్టం గోడ నలిగి ఉబ్బుతుంది. ఉబ్బిన తూటా ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే చోట) ఇరుక్కుంటుంది, బలవంతంగా తోయకూడదు.

మడతకు తక్కువ పొడవు చాలు కాబట్టి స్లగ్‌కూ (ఒకే పెద్ద గుండు) పెద్ద గుండ్లకూ రోల్ నయం. క్లే షూటింగ్ (ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే ఆట) సాధనకు మా ఓటు స్టార్‌కే. కృష్ణ ఒడ్డున వానాకాలపు తేమకు అట్టబిళ్ల ఉబ్బుతుంది. బిళ్ల వదులైనా, అంచు లేచినా ఆ తూటా పక్కన పెట్టేయండి.